మెరుపు రాని ఇరవై గుండ్లు

ఎనిమిది గంటల బస్సుకు వనపర్తి వెళ్లి, కాలేజీ గాలిపిస్తోలు జట్టు ఎంపికలో నిలబడాలి. ఆ రోజు మహీన్ అనుకున్నది అంతే. ఏడాదిగా ఎదురుచూసిన ఎంపిక. సరిగ్గా అప్పుడే, అంగట్లో కొన్న గుండ్లు అయిపోయాయి, తమ ఊరు పాన్‌గల్‌లో దొరకవాయె. ఆమె తాత బాబు మియా అచ్చులో సీసం పోసి తానే చేశాడు. నలభై ఏళ్లు ఊరి గిన్నెలకు కళాయి పెట్టిన చెయ్యి మరి! పిస్తోలు గొట్టానికి సీసం అంటకుండా గుండ్లకు నీలం రంగు పొడి పూసి, చిన్న ఓవెన్‌లో కాల్చాలని మహీన్ చెబితే, అదీ ముందురోజే ముగించాడు.

పొద్దున్నే పెరట్లో గోడకు అట్ట కట్టి మహీన్ పది గుండ్లు పేల్చింది. మొదటి మూడూ నడుమనే తగిలాయి. తర్వాత ఒకటి అట్ట అంచుకు, ఒకటి గోడకు, ఇంకొకటి దండెం మీది తువ్వాలకు. గొట్టంలోకి చూస్తే లోపలంతా సీసం పేరుకుని ఉంది.

"దాదా, రంగు పూసినంక గూడ సీసమెట్ల అంటింది?"

"గొట్టంలనే మైలున్నట్టుంది బేటీ. గిన్నెలకేసే నవాసాగరం జర చల్లి తుడుస్త, తే."

"అది గిన్నె గాదు దాదా!"

గొట్టం శుభ్రం చేసి మళ్లీ పేల్చింది. మళ్లీ అదే సీసం, అదే తువ్వాల. గుండు చిన్నదైందా, పిస్తోలే చెడిందా అని తల పట్టుకుని కూర్చునేసరికి లోపల నానమ్మ కుల్సుమ్‌బీ కేక పెట్టింది. అప్పుడే నిద్ర లేచిన ఆమె కొడుకు, మహీన్ తండ్రి హఫీజ్‌కు ఎడమ చెంప, చెవి నీలంగా ఉన్నాయి.

"యా అల్లా! సీసం విషం నా కొడుకుకెక్కింది! ఆటో పిలువుండ్రి, దవాఖానకు పోదాం!"

"నాకేమైందమ్మీ?" అంటూ హఫీజ్ అద్దం చూసుకున్నాడు. అంతవరకు లేని కడుపునొప్పి అప్పుడే మొదలైంది పాపం.

బస్సుకు నలభై నిమిషాలుంది. దవాఖానకు పోతే ఎంపిక లేదు. పోకపోతే తండ్రి ఏమవుతాడో! మహీన్ తడిగుడ్డ పెట్టి తండ్రి చెంప తుడిచింది. నీలమంతా గుడ్డకు వచ్చేసింది.

"అబ్బా, ఏ పక్కకు పండుకున్నవ్?" అని తండ్రినడిగింది.

"ఎడమకు."

దిండు కుట్టు విప్పితే లోపలి దూదంతా నీలం. అందరూ బాబు మియా వైపు తిరిగారు.

"గట్ల సూస్తరేంది? కళాయి పెట్టినంక వేడిమీద దూదితోని తుడిస్తేనే గదా మెరుపొచ్చేది! గుండ్లు గూడ పైన జర నీలి మెరుపు మిగిలేదాక గట్లనే తుడిచిన. దూది పారేసుడెందుకని మళ్ల దిండులనే కుక్కిన."

"పూసిన రంగంత మా అబ్బా చెంపకే ఇచ్చినవ్ గద దాదా! తుడవనియి ఒక్కటన్న ఉన్నయా?"

ముసలాయన తల దించుకున్నాడు. "ఇరవై ఉన్నయి. తెల్ల దూది అయిపాయె. మెరుపు రాలే, నలుగురు చూస్తే నవ్వుతరని అల్మారా ఎనుక దాచిపెట్టిన."

నేరేడు పళ్ల రంగులో, మందమైన పూతతో మొద్దుగా ఉన్నాయవి. గొట్టం గబగబా తుడిచి మహీన్ అయిదు పేల్చింది. అయిదూ రూపాయి బిళ్లంత చోట పడ్డాయి. గొట్టం లోపల మచ్చ లేదు. మిగిలిన పదిహేను రుమాలులో కట్టుకుని ఒకటే పరుగు, కదిలే బస్సు ఎక్కేసింది. సాయంత్రానికి జట్టులో మొదటి పేరు ఆమెదే.

వాడంతా మెచ్చుకుంది గానీ, తుడవని సరుకు తన గడప దాటిందని బాబు మియా వారం రోజులు బయట ఎవరికీ మొహం చూపించలేదు.