సున్నా అంటే అవును

కురమోచి ఆ రోజు ఎనిమిదింటికల్లా ఆఫీసుకు చేరి, తొమ్మిదింటికి పని ముగించి, పదింటికి అందరితోపాటు కూర్చుని టీ తాగాలనుకున్నాడు. పని కూడా ఏమంత పెద్దది కాదు. ప్రెసిడెంటు తొకునాగ గారి గేమ్‌ప్యాడ్‌ను హాల్లో ఉన్న పెద్ద తెర కంప్యూటరుకు తగిలించాలి, అంతే. పదకొండింటికి కంపెనీ వార్షికోత్సవం. అందులో ప్రెసిడెంటు గారు సముద్రంలో చేపలు పట్టే ఆట ఆడతారు, మిగతా నలభై మంది చప్పట్లు కొడతారు. హిగాషి ఒసాకాలో కుళాయి పిడులు చేసే ఆ కంపెనీలో ఏటా ఇదే వేడుక.

ఇంటి గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ ఉంటే భార్య సనాయె ఒకే ఒక్క మాట చెప్పింది.

"ఇవాళ మాత్రం ఎవరేమడిగినా కాదనండి. మీకు అలవాటు లేదని తెలుసు. అయినా అనండి."

ఆవిడ భయానికి కారణం ఉంది. ఒసాకా కంపెనీలో ఒక మనిషి ఎక్కువయ్యాడని దాని పైనున్న టోక్యోలోని పెద్ద కంపెనీ లెక్క తేల్చింది. ఎవరైనా స్వచ్ఛందంగా ఉద్యోగం మానుకుంటే సంతోషం. మధ్యాహ్నం పన్నెండులోగా ఎవరూ ముందుకు రాకపోతే పరిపాలన విభాగం పెద్ద షిరసాక ఒక పేరు రాసి పంపాలి, వీలైతే తన విభాగం నుంచే. ఆ విభాగంలో ఉన్నదే ముగ్గురు: షిరసాక, కురమోచి, మిజోబె అనే ముప్పై ఒక్కేళ్ల అమ్మాయి. షిరసాక తన పేరు తాను రాసుకునే మనిషి కాదు. కురమోచికి యాభై నాలుగు. ఈ వయసులో బయటికొస్తే దొరికేది రోడ్డు పనుల దగ్గర ఎర్ర లైటు ఊపే ఉద్యోగమే. అది కూడా ఎండకు తట్టుకోగలిగితేనే.

కంప్యూటరులో తన పేరుతో ప్రవేశించిన ప్రతి ఉద్యోగికీ అరగంటకోసారి టోక్యో వాళ్ల ప్రశ్న తెర మీదికి వచ్చేది: 'మీరు స్వచ్ఛందంగా విరమిస్తారా?' కింద 'అవును', 'కాదు'. పది రోజులైనా ఒక్కడూ జవాబివ్వలేదు. అవునంటే ఉద్యోగం పోతుంది. అందరికంటే ముందు కాదంటే, చూశావా కుర్చీ పట్టుకుని ఎలా వేలాడుతున్నాడో అనుకుంటారు. అందుకని నలభై మందీ ఆ ప్రశ్నను మర్యాదగా మూలకు నెట్టి, పక్కవాడు ఎప్పుడు కాదంటాడా అని ఎదురుచూస్తున్నారు.

ఇక ఆ కంప్యూటర్ల సంగతి. లినక్స్ అనేది ఒకటుందని, అది ఉచితమని మూడేళ్ల కిందట ప్రెసిడెంటు గారి చెవిన పడింది. ఉచితం అన్నాక ఇక రెండో మాట లేదు. విండోస్ తీసేసి అన్నింటిలోనూ దాన్నే పెట్టించారు. ఆ భారం కురమోచి నెత్తిన పడింది, ఎందుకంటే ఒకప్పుడు జెరాక్సు మిషన్‌లో ఇరుక్కున్న కాగితం లాగింది అతనే.

హాల్లో కంప్యూటరులోకి కురమోచి తన పేరుతో ప్రవేశించాడు. దానికి రెండే రెండు రంధ్రాలు పనిచేస్తాయి. ఒకదానిలో కీబోర్డు ఉంది, రెండోదానిలోంచి మౌస్ పీకి ప్యాడ్ పెట్టాడు. ప్యాడ్ మీద నీలం దీపం టపటపా కొట్టుకుంది. కంప్యూటరు మాత్రం తనకు ఎవరూ పరిచయం కానట్టే ఉండిపోయింది. ఇంటర్నెట్‌లో వెతికితే పదకొండేళ్ల కిందట అచ్చం ఇదే కష్టం వచ్చిన మనిషి ఒకడు దొరికాడు. ప్రశ్న ఎంతో వివరంగా రాశాడు. కింద మర్నాడు తనే 'సరిపోయింది, థాంక్స్' అని రాసుకున్నాడు. ఎలా సరిపోయిందో చెప్పలేదు. ఎవరినీ పల్లెత్తు మాట అనని కురమోచి ఆ ముక్కూ మొహం తెలియని మనిషిని మనసారా తిట్టుకున్నాడు.

ఇంకెవరో పుణ్యాత్ముడు రాసిన ప్రోగ్రాం ఒకటి దింపాడు. నీకు అనుమతి లేదు పొమ్మంది కంప్యూటరు. అనుమతి ఇచ్చుకున్నాడు. అప్పుడు ప్యాడ్‌ను గుర్తుపట్టింది గాని, దాన్ని మౌస్ అనుకుంది. ప్యాడ్ మీది పుల్ల కదిపితే తెర మీద బాణం కదులుతోంది. సరే, ఏదో ఒకటి కదిలింది కదా అని అతను ఊపిరి పీల్చుకునేసరికి తొమ్మిదీ నలభై అయింది, టోక్యో వాళ్ల ప్రశ్న తెర నిండా ప్రత్యక్షమైంది.

పక్కకు నెట్టడానికి మౌస్ లేదు, పుల్లతో కదిలే బాణం ఆ ప్రశ్న దాకా పోలేదు, కీబోర్డుకు అది పలకలేదు. చేతిలో ఉన్నది ప్యాడే. దాని మీద కుడివైపు సున్నా బటను, కింద ఇంటూ బటను ఉన్నాయి. ఒసాకాలో బడికి వెళ్లిన ఎవడికైనా సున్నా అంటే ఒప్పు, ఇంటూ అంటే తప్పు. టీచరమ్మ దిద్దిన పేపరు దగ్గర్నుంచి ఇదే లెక్క, ఇందులో ఆలోచించడానికేమీ లేదు. సనాయె మాట గుర్తొచ్చింది. విరమిస్తారా అన్న ప్రశ్నకు కురమోచి గట్టిగా ఇంటూ నొక్కాడు.

'మీ దరఖాస్తు అందింది' అంది తెర. 'వెనక్కి తీసుకుంటారా?'

తీసుకుంటాను మహాప్రభో అన్నట్టు సున్నా నొక్కాడు. ఆ కిటికీ కూడా మూసుకుపోయింది. రెండు నిమిషాల్లో అతని త్యాగాన్ని మెచ్చుకుంటూ నలభై మందికీ టోక్యో నుంచి ఉత్తరం వెళ్లిపోయింది.

పరుగున షిరసాక గదికి వెళ్లాడు. పొరపాటు జరిగిందని, వెనక్కి తీయించమని చెప్పాలి. పన్నెండులోగా ఆ అధికారం షిరసాకకు ఉంది. కానీ తలుపు తీసేసరికి షిరసాక లేచి నిలబడి, నడుము పూర్తిగా వంచి దండం పెట్టాడు. వంగినవాడు ఎంతకీ లేవలేదు. బల్ల మీద మిజోబె పేరు సగం రాసి కొట్టేసిన కాగితం ఉంది. పక్కన మిజోబె నిలబడి ఏడుస్తోంది. వాళ్ల నాన్నకు మంచం మీదే వైద్యమని, ఈ జీతం తప్ప ఇంట్లోకి ఇంకేమీ రాదని కురమోచికి ఆ రోజే తెలిసింది.

"మీ మేలు జన్మలో మర్చిపోనండీ" అంది.

పొరపాటు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. "అబ్బే, దాందేముందమ్మా" అన్నాడు కురమోచి. కాదనలేని జబ్బు అలాంటిది. బయటికొస్తే పిడులకు రంగులేసే షెడ్డు వాళ్లు వరసకట్టి దండాలు పెట్టారు. పది రోజులుగా మొహం చాటేసినవాళ్లు కూడా వచ్చి భుజం తట్టారు. తమ నెత్తి మీది కత్తి ఇంకొకడి మీద పడ్డాక మనుషులకు ఎంత ప్రేమ పుట్టుకొస్తుందో చూసి అతనికి ఒళ్లు మండింది. పదింటి టీ కూడా ఎవరో తెచ్చి చేతికిచ్చారు. చల్లారిపోయింది.

పదకొండింటికి ప్రెసిడెంటు గారు ప్యాడ్ అందుకున్నారు. ఆట మొదలైంది, చేప గాలానికి తగిలింది. లాగమని సున్నా నొక్కారు. చేప వెళ్లిపోయింది. రెండోది కూడా వెళ్లిపోయింది. మూడోది ఆయన ఏడాదిగా కలలుగన్న ఎర్రటి తాయ్ చేప. అది పోయేసరికి ఆయన మొహం ఆ చేప రంగుకు తిరిగింది. చప్పట్లకు సిద్ధంగా ఎత్తిన చేతులు ఎవరివి వాళ్లు దించుకున్నారు.

మిజోబె కురమోచి చెవిలో చెప్పింది. "బటన్లు తిరగబడ్డాయండీ. ఆ ప్రోగ్రాం రాసింది విదేశాల వాళ్లు. వాళ్లకు కింది బటను నొక్కితే అవును, కుడివైపుది నొక్కితే కాదు. దాని మీద ఏం బొమ్మ ఉందో వాళ్లకు అక్కర్లేదు."

తన ఉద్యోగం ఎలా పోయిందో కురమోచికి అప్పుడు అర్థమైంది. నవ్వాలో ఏడవాలో తెలియక కీబోర్డు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. మిజోబె ఫోన్‌లో వెతికి చదివి వినిపిస్తే అతను ఒకే ఒక వాక్యం కొట్టాడు. ఆటకే కాదు, కంప్యూటరు మొత్తానికీ సున్నా అవునైంది, ఇంటూ కాదైంది. మళ్లీ ఆడితే ప్రెసిడెంటు గారికి మూడు కిలోల తాయ్ పడింది. హాలు దద్దరిల్లింది.

చేప పడ్డాక ఆయనకు బుద్ధి కూడా పనిచేసింది. "ఇకమీదట ఈ మిషన్ల సంగతి ఎవరు చూస్తారోయ్?" అని షిరసాకను అడిగారు. చూసేవాడు ఎవడూ లేడు. ఇంకో మనిషిని పెట్టుకోవాలంటే ఉచితం కాదు.

టైము పన్నెండుకు అయిదు నిమిషాలు తక్కువ. షిరసాక తన పేరుతో ప్రవేశించి, పెద్ద తెర మీద అందరి ఎదుటా ఆ పేజీ తెరిచాడు. 'దరఖాస్తు వెనక్కి తీసుకుంటారా?' ఉద్యోగి స్వయంగా నొక్కాలి, ఒక్కసారే నొక్కాలి, ఆ తర్వాత టోక్యోలో తాళం పడుతుంది. ప్రెసిడెంటు గారు ప్యాడ్ తెచ్చి కురమోచి చేతిలో పెట్టారు.

"ఉండిపోవయ్యా. నేను అడుగుతున్నాను."

అతను ఉంటే పోయేది ఎవరో హాల్లో అందరికీ తెలుసు. ఎవరూ మిజోబె వైపు చూడలేదు. కురమోచి కూడా చూడలేదు. అతనికి ఎర్ర లైటు కనపడింది, గుమ్మంలో నిలబడ్డ సనాయె కనపడింది. ఈ ఒక్కసారికి మంచివాడిని కాకపోతే మానె అనుకున్నాడు. సిగ్గనిపించింది, అయినా అనుకున్నాడు. పొద్దున్న తగిలిన దెబ్బ బాగా గుర్తుంది. ఈ కంప్యూటరులో ఇంటూ అంటే అవును. బొటనవేలు కింది బటను మీదికి పోయింది.

పక్కనే ఉన్న మిజోబె ఆ వేలు చూసింది. అరగంట కిందట ఏం మార్చారో చదివి వినిపించింది ఆమే. నోరు తెరిచింది. మళ్లీ మూసుకుని తన బూట్ల వైపు చూసుకుంది. ఆమెను అనడానికి నాకు నోరు రాదు.

కురమోచి ఇంటూ నొక్కాడు.

'ఉద్యోగి నిరాకరించారు. దరఖాస్తు ఖాయమైంది.'

ప్రెసిడెంటు గారి కళ్లు చెమ్మగిల్లాయి. తనంతటివాడు అడిగినా ఆ అమ్మాయి కోసం కాదన్నాడు. ముప్పై ఏళ్లలో ఆయనకు కాదని చెప్పిన మొదటి మనిషి ఇతనే. ఆయన నడుము వంచి దండం పెట్టారు. దాంతో మిగతావాళ్లందరూ వంగారు.

"అది కాదండీ… నేను నొక్కింది…" అన్నాడు కురమోచి.

"చెప్పనక్కర్లేదు. మాకు అర్థమైంది" అన్నారు ప్రెసిడెంటు గారు.

పన్నెండు గంటల సైరన్ మోగింది. పూలగుత్తి మిజోబె చేతులమీదుగా ఇప్పించారు. ఇచ్చేటప్పుడు ఆమె అతని మొహంలోకి చూడలేదు, అతనూ ఎందుకని అడగలేదు. బటన్లు మార్చిన సంగతి అతనికి అప్పటికి గుర్తొచ్చేసింది.

సాయంత్రం గుమ్మంలో ఆ పూలు చూడగానే సనాయెకు సంగతి తెలిసిపోయింది. వాటిని అందుకుని పక్కన పెట్టింది.

"అడిగితే కాదనమన్నాను కదా. అన్నారా?"

"రెండుసార్లు అన్నాను" అన్నాడు కురమోచి, బూట్లు విప్పుకుంటూ.