తెర చాటు మాస్టారూ, సరస్వతి ఆకూ

ఆదివారం నాటకాన్ని భార్య పక్క కుర్చీలో కూర్చుని చూడాలని గుసగుసల మాస్టారు ఆ ఉదయం పళ్ళు తోముకుంటూ నిర్ణయించుకున్నాడు. నిర్ణయం నిజానికి భార్యది. పళ్ళు తోముకోవడం వరకే ఆయనది.

ఆయన బడిలో పాఠాలు చెప్పే మాస్టారు కాదు, ఒక నాటక కంపెనీలో ప్రాంప్టరు. తెర చాటున ముక్కాలిపీట మీద కూర్చుని, ఒళ్ళో నాటకం పుస్తకం పెట్టుకుని, మాట మరిచిన నటుడికి మెల్లగా అందించడం ఆయన ఉద్యోగం. ఆ అలవాటు ఒంట పట్టి, ఇంట్లో ఉప్పు అడిగినా గుసగుసగానే అడుగుతాడు.

"అందరూ మొగుళ్ళతో కలిసి నాటకం చూస్తారు. నేను మాత్రం మొగుడున్న తెర వంక చూస్తూ కూర్చుంటాను," అంది భార్య. "ఈ ఒక్కసారి వచ్చి నా పక్కన కూర్చోండి."

"నేను లేస్తే ఆయన పడిపోతాడే!"

ఆయనంటే కంపెనీ హీరో. యజమాని ఇచ్చిన బిరుదు నటశిఖామణి. ఏళ్ళ తరబడి ఒకే నాటకంలో ఒకే తండ్రి వేషం కడుతున్నా ఒక్క ముక్క నోటికి రాని మహానుభావుడు. కన్నకొడుకును పేరు పెట్టి పిలవాలన్నా తెర చాటు నుంచి పేరు రావాలి. ఈ సంగతి కంపెనీ గడప దాటలేదు. మాట అందక ఆయన గుడ్లు తేలేసి నిలబడితే జనం దాన్ని నటన అనుకునేవారు. మరీ చివరి రంగంలో, ఇల్లు విడిచిపోయిన కొడుకు తిరిగొచ్చి కాళ్ళ మీద పడినప్పుడు, ఆయన పెదవి విప్పకుండా శూన్యంలోకి చూస్తాడు. హాలంతా ముక్కులు చీదుకుంటుంది. ఆ సమయంలో మాస్టారు కళ్ళజోడు సర్దుకుని పేజీ తిప్పుతూ ఉంటాడు. ఒక పత్రికా విమర్శకుడు ఆ మౌనం లోతెంతో తేల్చడానికి వరసగా వ్యాసాలు రాశాడు. లోతు ఇంకా తేలలేదు.

"దానికి మందు నా కుండీలోనే ఉంది," అంది భార్య. బాల్కనీలో తడిమట్టి మీద గుండ్రటి చిన్న ఆకులతో సరస్వతి ఆకు తీగ పాకి ఉంది. "పొద్దున్నే నాలుగాకులు నమిలితే జ్ఞాపకశక్తి పెరుగుతుందని మా పెదనాన్న చెప్పేవాడు. ఆయన వైద్యుడు కూడానూ."

"నువ్వు తిని చూశావా?"

"చూడకేం? పెళ్ళయిన కొత్తలో సినిమాకి తీసుకెళ్తానని ఎన్నిసార్లు ఎగ్గొట్టారో చెప్పమంటారా?"

మాస్టారు వెళ్ళి ఆకులు కోశాడు.

చిక్కేమిటంటే, మతిమరుపుకు మందని చెబితే నటశిఖామణి అగ్గి మీద గుగ్గిలమవుతాడు. అందుకని మాస్టారు, "గొంతుకి మంచిదండీ," అని పొట్లం చేతిలో పెట్టాడు. హీరో మేకప్పు గదిలో గోడవైపు తిరిగి నములుతుంటే హీరోయిన్ కంట పడ్డాడు. మంచి గొంతు ఇంకొకరికి దక్కడం ఇష్టం లేక, "అజీర్తమ్మా, అజీర్తి," అన్నాడు. అజీర్తికి ఇంత చాటుమాటెందుకు? ఇది వయసు తగ్గే మందే అయ్యుండాలని ఆమె తేల్చుకుని, మాస్టారింటికి వెళ్ళి గుప్పెడు కోసుకుపోయింది. మర్నాడు మేకప్పు గదిలో కొత్త బల్బు వేశారు. ఆ వెలుగులో ఆమె మొహం చూసి విలన్ బట్టతల తడుముకున్నాడు. మొహానికింత పని చేసిన ఆకు తలకి చేయదా అని. విలన్ తింటున్నాడంటే ఏదో కండబలం వ్యవహారమని కొడుకు వేషగాడు అనుకున్నాడు. కొద్ది రోజుల్లో కంపెనీ కంపెనీ అంతా మాస్టారి బాల్కనీలో మేతకి దిగింది.

"మనుషులా, మేకలా వీళ్ళు?" అంది భార్య, బోడి అయిపోతున్న కుండీ చూసి.

ఇంతలో నటశిఖామణికి ఒక వింత జరిగింది. స్నానం చేస్తుండగా నాటకంలోని మాట ఒకటి దానంతటదే నోట్లోంచి వచ్చింది. ఆయన హడలిపోయి, మాస్టారి దగ్గర పుస్తకం తెప్పించుకుని సరిచూసుకున్నాడు. సరిగ్గానే ఉంది. అనుమానం తీరక ఇంకో మాట చూసుకున్నాడు. అలా చూసుకుంటూ చూసుకుంటూ నాటకం ఈ చివర నుంచి ఆ చివరికి పదేపదే చదివాడు. అంతకుముందు ఆయన ఆ పుస్తకం అట్ట కూడా తెరిచినవాడు కాదు. మొత్తం కంఠతా వచ్చేసింది. ఆకు మహిమ!

తన మనుషులంతా ప్రాంప్టరు ఇంటి చుట్టూ ఎందుకు తిరుగుతున్నారో కనుక్కుందామని యజమాని స్వయంగా వచ్చాడు. మాస్టారి భార్య టీ ఇచ్చి, ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"జ్ఞాపకశక్తికండీ. ఇక మీ వాళ్ళెవరికీ మాటలు అందించే పని లేదు. ఆదివారం ఒక్కరోజు మా ఆయన్ని నా పక్కన కూర్చోనివ్వండి."

యజమాని టీ చివరి చుక్క దాకా తాగి కప్పు కింద పెట్టాడు.

"ఒక్కరోజేమిటమ్మా," అన్నాడు ఆప్యాయంగా, "ఎప్పుడూ కూర్చోబెట్టుకో."

"గుసగుసలాడటం తప్ప ఇంకేమీ రానివాడికి ఈ వయసులో ఎవడిస్తాడే ఉద్యోగం?" అన్నాడు మాస్టారు, యజమాని వెళ్ళాక. మాస్టారికి నిజంగానే ఏడుపొచ్చింది. జీతం పోయినందుకు కాదు. తాను లేకుండా నాటకం నడుస్తుందన్న ఆలోచనే ఆయనకు మింగుడు పడలేదు.

ఆదివారం ఇద్దరూ ఐదో వరసలో కూర్చున్నారు. తెర లేచింది. నటశిఖామణి మొదలుపెట్టాడు. ఒక్క తప్పు లేదు, ఒక్క తడబాటు లేదు. రైల్వే స్టేషన్లో బండ్ల రాకపోకలు చదివినట్టు గడగడా అప్పజెప్పేశాడు. మిగతావాళ్ళు కూడా తక్కువ తినలేదు. ఎదుటివాడి మాట పూర్తి కాకముందే తమ మాట అందుకున్నారు. విశ్రాంతికి టీ కాచేవాడు ఇంకా పొయ్యి వెలిగించకముందే విశ్రాంతి వచ్చి వెళ్ళిపోయింది.

చివరి రంగంలో కొడుకు మోకాళ్ళు నేలకు ఆననే లేదు.

"లే నాయనా, క్షమించాను, లోపలికి పద, భోంచేద్దువుగాని!" అనేశాడు తండ్రి. వెనక వరసల్లో ఎవరో నవ్వారు.

మాస్టారు మాత్రం ఇవేవీ చూడటం లేదు. కళ్ళు మూసుకుని మొదటి నుంచీ అలవాటు కొద్దీ మాటలన్నీ తన పాత నడకలో గుసగుసగా చెప్పుకుంటున్నాడు. చుట్టుపక్కలవాళ్ళు ముందు "ష్" అన్నారు. తర్వాత చెవులు ఒగ్గారు. తర్వాత స్టేజీ వంక చూడటం మానేశారు. అక్కడ తండ్రీకొడుకులు భోజనానికి వెళ్ళిపోయి చాలాసేపయ్యాక మాస్టారు ఆ రంగానికి వచ్చి, మాట్లాడకుండా ఆగాడు. ఖాళీ ఒళ్ళో లేని పేజీ తిప్పాడు. అప్పుడు నెమ్మదిగా, "లే... నాయనా," అన్నాడు. భార్య ఆయన చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. వరస మొత్తం ఏడ్చింది. అదే వరసలో చివరి కుర్చీలో ఉన్న విమర్శకుడు రుమాలు తెచ్చుకోనందుకు విచారించాడు.

మర్నాడు పత్రికలో రాశాడు: "నటశిఖామణి మౌనం ఎండిపోయింది. నిన్న నాటకం ఐదో వరసలో మాత్రమే జరిగింది."

మధ్యాహ్నానికి యజమానీ, హీరో కలిసి మాస్టారింటికి పరిగెత్తుకొచ్చారు.

"ఏం చెయ్యనయ్యా? మర్చిపోదామంటే మర్చిపోలేకపోతున్నాను," అని హీరో కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నోరు తెరిస్తే చాలు, దానంతటదే దొర్లుకొచ్చేస్తోంది."

"మరుపుకి ఆకేమైనా ఉందా అమ్మా?" అని అడిగాడు యజమాని.

"పెదనాన్న దానికి మందు చెప్పలేదండీ. అది మనుషులకి ఉత్తినే వస్తుందనేవాడు," అంది భార్య. "మా ఆయన్ని మళ్ళీ పీట మీద కూర్చోబెట్టుకోండి. ఆయన చెయ్యెత్తితే హీరోగారు నోరు ముయ్యాలి. దించాకే తెరవాలి. అంతే," అంది. "జీతం మాత్రం పాతది కుదరదు."

యజమాని గొణిగి, సరేనన్నాడు.

ఆ తర్వాతి ఆదివారం చివరి రంగంలో కొడుకు కాళ్ళ మీద పడ్డాడు. తెర చాటున చెయ్యి లేచింది. హీరో నోరు మూసుకున్నాడు. "ఎప్పుడూ కూర్చోబెట్టుకో" అని యజమాని అన్న మాట మాస్టారికి గుర్తొచ్చింది. చెయ్యి దించలేదు. హీరో మెడ నరాలు ఉబ్బాయి, పెదవులు వణికాయి, బతిమాలుతున్న కళ్ళల్లోంచి నిజంగానే నీళ్ళు కారాయి. హాలు గొల్లుమంది. అందరికంటే గట్టిగా యజమాని ఏడ్చాడు. అప్పుడు మాస్టారు తీరిగ్గా చెయ్యి దించాడు.

విమర్శకుడు మౌనం లోతు మీద కొత్త వ్యాసమాల మొదలుపెట్టాడు. నోరు విప్పనందుకు జీతం పెరిగిన ఉద్యోగి లోకంలో మాస్టారు ఒక్కడే కాకపోవచ్చు గానీ, అందుకేనని ఒప్పుకున్నవాడు మాత్రం ఆయనొక్కడే.