ముప్పై నాలుగేళ్ల పసివాడు

...పొట్ట కూడా ఒక కార్యాలయమే, కాకపోతే అందులోని ఉద్యోగులు చేరిన రోజు నుంచే పని చేస్తారు, అనుకున్నాడు తండ్రి, ల్యాబ్ బెంచీ మీద కూర్చుని. పాలచుక్క గొంతు దిగితే చాలు, జీర్ణ హార్మోన్లు పరుగులు పెడతాయి. పసితనంలో వాటి జోరు ఎక్కువ, బిడ్డ ఎదిగేకొద్దీ నెమ్మదిస్తాయి. (కార్యాలయాల్లోనూ ఇంతే, అక్కడ ఎదిగేది ఎవరో మాత్రం తెలియదు.)

పిల్లల డాక్టరు ఇదంతా ఫోన్లో చెప్పి, "వాడికేం లేదండీ, కక్కితే తుడవండి," అని పెట్టేసింది. ల్యాబ్ ఒప్పుకోలేదు. మూడు నెలల బాబు రిపోర్టులో గ్యాస్ట్రిన్ అనే హార్మోను పక్కన ఎర్ర నక్షత్రం వేసింది. కింద సలహా: కాఫీ తగ్గించాలి, పొగ మానాలి, ఆఫీసు ఒత్తిడి ఇంటికి తేరాదు. పరగడుపున మళ్లీ రక్తమిస్తే గాని అసాధారణ ఫలితాల విభాగం ఆ నక్షత్రాన్ని తొలగించదు. అతనికి డాక్టరు మాట కన్నా ఎర్ర సిరా మీద గురి ఎక్కువ. అందుకే వచ్చాడు.

"వయసు గడి పద్దెనిమిదికి కింద తీసుకోదు సార్," అంది కౌంటరు అమ్మాయి. "అందుకే మీది కొట్టాను. ముప్పై నాలుగు. ఇంట్లో మనిషిదే కదా!"

"పరగడుపు అంటే?"

"రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకూడదు."

"వీడికి రాత్రీ పగలూ ఒకటే భోజనమమ్మా," అంది భార్య. బాబు పిడికిలి నోట్లో కుక్కుకుని, అందులోంచి ఏమీ రాకపోయేసరికి ఏడుపు అందుకున్నాడు.

"కాస్త ఓపిక పట్టమనండి మేడమ్."

"మీరే చెప్పండి వాడికి."

ఆ అమ్మాయి నిజంగానే వంగింది. "కోఆపరేట్ చెయ్యాలి నాన్నా." (బాబు ఇంకా గట్టిగా ఏడ్చాడు. సమాచారం అందినట్టే లెక్క.)

"ఏవండీ, నేను పాలిచ్చేస్తున్నా."

"ఒక్క నిమిషం ఆగవే, ఫలితం తప్పొస్తుంది."

"ఇప్పుడొచ్చింది ఒప్పా?"

ఏడ్చి ఏడ్చి బాబు గొంతు బొంగురుపోయింది. ఎవరి ఆకలి ఇది, అనుకున్నాడు తండ్రి. ఎవరి భయం? దిగులుతో రాత్రి నుంచి ఏమీ తినని ముప్పై నాలుగేళ్ల మనిషి ఈ గదిలో ఒకడున్నాడు. అతన్ని మాత్రం ఎవరూ పిలవడం లేదు.

లోపలి నుంచి కేక వినిపించింది. "ముప్పై నాలుగేళ్ల బాబు! ఎవరండీ?"

"నువ్వు పాలివ్వు," అని భార్యతో చెప్పి, అతను లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

వెనకే వచ్చిన కౌంటరు అమ్మాయి కంప్యూటరు తెర వంకా అతని వంకా చూసింది. వయసు సరిపోయింది. పరగడుపూ సరిపోయింది. "హమ్మయ్య, ఈసారి అన్నీ కరెక్టుగా ఉన్నాయి సార్," అంది.

బయట బాబు కడుపునిండా తాగి నిద్రపోయాడు. రికార్డుల్లో మాత్రం ఇంకా పస్తే.