గోడ మీది ముఠా పటం

“నేటి నుండి ఈ మండలంలో నేరస్థుడన్నవాడికి నిద్ర ఉండదు, నరేశ్! ఎందుకంటే శ్రీశైలం మేలుకున్నాడు!”

శ్రీశైలం ఈ ప్రకటన చేసేసరికి పొద్దున పదకొండయింది. అప్పటిదాకా తన జిరాక్స్ సెంటర్లో బల్ల మీద తల పెట్టి గుర్రుపెట్టినవాడే. లేచీ లేవగానే నా చేతిలో ఒక కార్డు పెట్టాడు. ‘శ్రీశైలం, అపరాధ పరిశోధకుడు. రహస్యాలు ఛేదించబడును. లామినేషన్ కూడా చేయబడును.’

రామన్నపేటలో వాడి దుకాణం పక్కనే నా మొబైల్ రిపేరు దుకాణం. చిన్నప్పటి దోస్తీ కాబట్టి వాడి కేసులన్నిటికీ నేను జీతం లేని సహాయకుణ్ణి. మొన్న అండాలమ్మ మేక తప్పిపోతే వాడు రెండు రోజుల్లో ముగ్గురు పెద్దమనుషులను అనుమానించాడు. ఆ రెండు రోజులూ మేక మా దుకాణాల వెనకే ఉంది, వాడు పారేసిన జిరాక్స్ కాగితాలు తింటూ. ఇంకో సంగతి, డిటెక్టివ్ అయినప్పుడల్లా వాడికి పుస్తకాల భాష వస్తుంది. భయమేస్తే మళ్ళీ మన భాషలోకి దిగుతాడు.

ఈసారి పిలిచింది వాడి మేనత్త సావిత్రమ్మ.

“పొద్దుగాల ఆరింటికి మోటరేసి ట్యాంకి నింపుతున్న అల్లుడా. మధ్యాన్నానికి సగం గూడ ఉంటలేవు. ఇంట్ల నేను, మీ మామ, గింతే ఉన్నం. ఇద్దరం గన్ని నీళ్ళు ఎట్ల వాడుతం? వెనుక కిరాయికున్న కోమలే పారబోస్తాంది. సద్దుల బతుకమ్మ కాంగనే ఖాళీ చెయ్యమన్న. వాడలేదని వాదిస్తాంది. నువ్వు జర రుజువు చూపెట్టు.”

కోమల బట్టలు కుడుతుంది. మొగుడు పోయి ఐదేళ్ళు. కూతురు చదివే బడి ఆ సందు చివరే, పండుగ గిరాకీ అంతా ఆ సందులోనే. ఆ ఇల్లు పోతే అవన్నీ పోతాయి. ఆమె బతుకు శ్రీశైలం చూపించే రుజువు మీద ఆధారపడి ఉందని తలుచుకుంటే నాకు చెమటలు పట్టాయి.

శ్రీశైలం నేరుగా వెళ్ళి ఆమె మిషను మీద భూతద్దం పెట్టాడు.

“నిన్న మధ్యాహ్నం పన్నెండు గంటలకు నీవెక్కడ ఉన్నావు?”

“గీ మిషన్ మీదనే తమ్మీ.”

“సాక్షి?”

“నువ్వే. కోటుకు లోపలి జేబు కుట్టించుకుంటివి గద, గీ అద్దం పెట్టుకోనీకి. పదకొండు నుంచి ఒంటిగంట దాక గాడనే కూసొని, దారం రంగు కలుస్తలేదని నా పానం తీస్తివి.”

శ్రీశైలం నోట్‌బుక్కు తీసి రాసుకున్నాడు: ‘సాక్షి నమ్మదగినవాడు కాదు.’

“నేను రోజుకు నాలుగు బిందెలు వాడుత, గంతే,” అంది కోమల. “పిల్ల సదువు నడుమ ఇల్లు మారాల్నంటే నాకు కాళ్ళు చేతులు ఆడుతలేవు. మీ అత్తకు నిజం చెప్పు తమ్మీ, నువ్వేం సాయం చెయ్యకు.”

నేనేదో ధైర్యం చెప్పబోతుంటే శ్రీశైలం అప్పటికే నడిమింట్లోకి దూరి కేకేశాడు. “అత్తా! దొరికింది!”

బీరువా పక్కన గోడ మీద సున్నం ఉబ్బి జానెడు మచ్చ కట్టింది. వాడు దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“ఇది ముఠా గీసుకున్న రహస్య పటం. చూడండి, ఈ వంకర గీత హైవే. ఈ చుక్క కట్టంగూర్.”

“గోడ నెమ్మెక్కిందిరా,” అన్నాను.

“సామాన్యుడి కంటికి నెమ్ము. నా కంటికి నెట్‌వర్క్.”

“నాకు గూడ నెమ్మే కనవడ్తాంది,” అంది సావిత్రమ్మ. “కోమల అవుతల దిక్కు బట్టలు ఉతుకుతది గద, గందుకే.”

“ప్లంబర్ ఎల్లస్వామిని పిలుద్దాం అత్తా,” అన్నాను నేను. “ గోడల పైపు పగిలిందేమో.”

శ్రీశైలం నన్ను జాలిగా చూశాడు. “ప్లంబర్‌ను పిలిస్తే పైపంటడు. డాక్టర్‌ను పిలిస్తే జరమంటడు. డిటెక్టివ్‌ను పిలిచిన్రు, నేరమే ఉండాలె.”

మూడో రోజుకు మచ్చ మూరెడయింది. వాడు టేపు పెట్టి కొలిచి, గొంతు తగ్గించి చెప్పాడు. “ముఠా విస్తరిస్తోంది. ఆత్మకూర్ దాకా వచ్చారు.”

ఆ సాయంత్రం నాకొక రిపోర్టు చూపించాడు. ‘నేరస్థురాలు: కోమల. ఆధారాలు తరువాత జతపరచబడును.’ దానికి లామినేషన్ కూడా అయిపోయింది.

“ఆధారం లేకుంట పేరెట్ల రాస్తవ్‌రా?”

“అత్త జల్ది కావాలన్నది. లామినేషన్ మిషన్ గూడ వేడి మీదుండె.”

నాకు ఒళ్ళు మండింది. “పండుగ ముందట ఆడమనిషిని పిల్లతోని రోడ్డు మీద పడేస్తవా? రేపు నీ కండ్లతోని దొంగను చూడు. చూడకుంటే గా రిపోర్టు చింపు.”

“చిరగదు. లామినేషన్,” అన్నాడు. కానీ ముఖం చిన్నబోయింది. వాడు చెడ్డవాడు కాదు, తెలివైనవాణ్ణని నమ్మినవాడు, అంతే.

మర్నాడు పొద్దున డాబా ఎక్కాం. సావిత్రమ్మ బతుకమ్మ కోసం తెప్పించిన గునుగు పూలు తెల్లగా కుప్ప పోసి ఉన్నాయి. పక్కనే వాటికి అద్దడానికి బకెట్ నిండా చిక్కటి గులాబి రంగు కలిపి పెట్టుకుంది. శ్రీశైలం మారువేషంగా అత్త పాత చీర కప్పుకుని, ట్యాంకీ మూత తీసి పక్కన పెట్టాడు.

“నీటి మట్టం మీద నా చూపు చెదరదు. నరేశ్, కదలకు. వెనక ఎవరో ఉన్నారు. వాడి ఊపిరి నా మెడకు తగులుతోంది.”

“కోతిరా.”

“కోతి వేషంలో వచ్చాడన్నమాట!”

కోతి చెయ్యి చాపి భూతద్దం గుంజుకుని, ట్యాంకీ అంచు మీద కూర్చుని పళ్ళికిలించింది.

“ఓ నాయినో! కొరుకుతదిరా! నరేశా, జర కొట్టుర్రా దీన్ని!”

నేను కట్టె వెతికేలోపే వాడు రంగు బకెట్ ఎత్తి కోతి మీదికి గుమ్మరించాడు. కోతి పక్క డాబా మీదికి దూకింది. రంగంతా ట్యాంకీలో పడింది.

మేమిద్దరం తొంగి చూశాం. నీళ్ళు గులాబిగా తిరుగుతున్నాయి.

“ఇప్పుడేం జేద్దాం?” అన్నాను.

“ఏం జరగనట్టు దిగుదాం. నేరస్థులు గట్లనే చేస్తరు.”

మెట్లు దిగుతుంటే తానం చేస్తున్న రఘుపతి మామ తువ్వాల చుట్టుకుని బయటికి ఉరికొచ్చాడు. తల నుంచి కాళ్ళ దాకా గులాబి.

“సావిత్రీ! నాకేదో రోగమొచ్చిందే! దవాఖానకు ఫోన్ చెయ్యి!”

రోగం కాదు, అల్లుడని తేలడానికి సావిత్రమ్మకు ఎంతోసేపు పట్టలేదు. ఆ తర్వాత గంటసేపు మాకు పడ్డ తిట్లు ఇక్కడ రాయలేను. గొడవ విని కోమల కూడా సూది చేత్తో పట్టుకుని గడపలోకి వచ్చింది. సావిత్రమ్మ బీరువా దగ్గర మమ్మల్ని నిలబెట్టి తిడుతూ తిడుతూ ఉన్నట్టుండి ఆగింది.

ముఠా పటం గులాబి రంగుకు తిరుగుతోంది. గోడ అడుగున బండల సందులోంచి గులాబి నీళ్ళు ఊరుతున్నాయి.

సావిత్రమ్మ గోడ మీద వేలు పెట్టి చూసుకుంది. పరుగున వెనక పోర్షన్‌లోకి పోయింది, వెంట మేమూ పోయాం. కోమల బకెట్లు పొడిగా బోర్లించి ఉన్నాయి. బిందెల్లో పొద్దున పట్టిన నీళ్ళు తెల్లగా ఉన్నాయి. అవుతలి దిక్కు బట్టలుతికే బండ ఎండిపోయి ఉంది.

“పొద్దుగాల బిందెలు పట్టినంక నేను నల్లా ఇప్పలేదక్కా,” అంది కోమల మెల్లగా.

సావిత్రమ్మ అల్లుడి వైపు చూసింది. “మరి ట్యాంకిల రంగు నా గోడలకు ఎట్ల వచ్చె?”

శ్రీశైలం నోరు తెరిచాడు. పుస్తకాల భాషా రాలేదు, ఇంటి భాషా రాలేదు. నేనే ఎల్లస్వామికి ఫోన్ చేశాను.

ఎల్లస్వామి వచ్చి వాల్వు కట్టేసి, గోడ తట్టి చూసి, రెండు దెబ్బల్లో గచ్చు రాల్చాడు. లోపల పైపు జాయింటు ఊడి ఉంది. “ఎన్ని దినాల సంది పోతున్నయో అమ్మా. నీళ్ళన్ని పునాదిల దిగినయ్. ఇంకొన్నాళ్ళయితే గోడ కూసుంటుండె. రంగు ఏసుడు మంచి తెలివి చేసిన్రు. ఎవరికొచ్చింది?”

“కోతికి,” అన్నాను.

సావిత్రమ్మ ఎవరి మాటా వినడం లేదు. నేరుగా పోయి కోమల ఎదుట నిలబడింది. ఆ మనిషి తల వంచడం నేనెప్పుడూ చూడలేదు.

“తప్పు నాదే కోమలా. నెల రోజుల సంది నిన్ను దొంగను చూసినట్టు చూసిన. నువ్వు యాడికీ పోవద్దు.”

కోమల కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “గోడ పొంటి నీళ్ళు కారుతుంటే గోడను చూడకపోతివక్కా, నన్నే చూస్తివి. నాకు గదే బాధయింది.”

సావిత్రమ్మ ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నా కళ్ళు కూడా చెమర్చాయి, దాచుకోవడం ఎందుకు.

“ట్యాంకిల నీళ్ళన్ని మోరిల ఇడుసుడేనా?” అని రఘుపతి మామ గులాబి ముఖంతో అడిగాడు.

“ఎందుకు ఇడుసుడు?” అంది కోమల. “వాడకట్టుల అందరి గునుగు ఇంక తెల్లగనే ఉన్నది. పిలువక్కా అందర్ని.”

ఆ సాయంత్రం ఆడవాళ్ళంతా గంపల్లో గునుగు పట్టుకొచ్చారు. సావిత్రమ్మ, కోమల పక్కపక్కన కూర్చుని నీళ్ళు అందించారు. శ్రీశైలం ప్రతి ఒక్కరికీ ఇదంతా తన పథకమేనని వివరించాడు, ఎవరూ కాదనలేదు.

మర్నాడు సద్దుల బతుకమ్మకు ఆ సందు మొత్తానికి ఒకటే లేత గులాబి రంగు. సావిత్రమ్మ తన బతుకమ్మను తెచ్చి కోమల బతుకమ్మకు ఆనించి పెట్టింది. ఆట అయిపోయి చెరువుకు ఎత్తుకునే వేళకు ఏది ఎవరిదో ఇద్దరూ పోల్చుకోలేకపోయారు.

శ్రీశైలం గొంతు సవరించుకుని ముందుకొచ్చాడు.

“నువ్వొద్దు నాయినా!” అన్నారు ఇద్దరూ ఒక్కసారే, నవ్వుతూ చెరొకటి ఎత్తుకున్నారు.