దొరికితే బిస్కెట్

విమానాశ్రయం రూల్సు రాసిన పెద్దమనుషులారా, మిమ్మల్నే అడుగుతున్నాను. మీలో ఒక్కడైనా నాలుగేళ్ల పిల్లని చంకనేసుకుని ఆ తనిఖీ వరుసలో నిలబడ్డాడా? నిలబడి ఉంటే ఈ టైలరుకి ఆ గతి పట్టేది కాదు.

టైలరు భార్య వేరే ఊళ్లో నర్సు. మూడు నెలలకి ఒక్క రోజు సెలవు దొరికింది. ఉదయం విమానం అందితే ఇద్దరు కూతుళ్లూ అమ్మని చూస్తారు. తప్పిందా, మళ్లీ మూడు నెలలు ఫోన్లో ముద్దులే.

పిల్లలు తనిఖీ దగ్గర బెదిరిపోకూడదని అతను వారం ముందు నుంచే కొట్లో ఆట మొదలుపెట్టాడు. గుడ్డ కత్తిరించే బల్లే సామాన్ల బెల్టు, పీలికల బుట్టే ట్రే, తనే ఆఫీసరు. పిల్లలు సంచిలో ఏదో ఒకటి దాచడం, అతను వెతికి "దొరికింది!" అని లాక్కోవడం. లాక్కుంటే ఏడవకుండా, దొరికినదానికల్లా ఒక బిస్కెట్.

ఆ ఉదయం బయల్దేరుతుంటే ఆరేళ్ల పెద్దది, "నాన్నా, నేను కూడా సర్దాను," అంది.

"నా బంగారు తల్లే!" అని మురిసిపోయాడు గానీ, సంచి విప్పి చూడలేదు.

తనిఖీలో గుబురుమీసాల ఆఫీసరు సంచి పక్కకి లాగాడు. జానెడు కత్తెర బయటపడింది. చిన్నది చప్పట్లు కొట్టింది. "దొరికింది!"

"ఇంకేమన్నా ఉన్నాయా?"

"లేవు సార్, ఒట్టు!"

"ఉన్నాయంకుల్," అంది పెద్దది. "సరిగ్గా వెతకండి. మా నాన్నయితే ఈపాటికి పట్టేసేవాడు."

కుట్లు విప్పే బ్లేడు దొరికింది. తర్వాత సూదుల డబ్బా.

"ఇలా దాచడం ఎవరు నేర్పారమ్మా?"

"నాన్నే!"

ఆఫీసరు మీసం నిక్కబొడుచుకుంది. చిన్నది చెయ్యి చాపింది. "మూడు బిస్కెట్లు."

"బిస్కెట్లేంటి?"

"దొరికితే ఇవ్వాలి. రూలు."

వెనక వరుసలో గొణుగుడు మొదలైంది. మైకులో ఆఖరి పిలుపు. టైలరు గబగబా సామాన్లు సర్దబోయాడు. ఆ కంగారులో అతని మోచెయ్యి తగిలి సూదుల డబ్బా బెల్టు కిందికి దొర్లిపోయింది. తియ్యడానికి ఆఫీసరు వంగాడు. ప్యాంటు వెనక కుట్టు పర్రుమని పిగిలిపోయింది.

ఆఫీసరు గోడకి అతుక్కుపోయాడు. "మా పెద్దాఫీసరు వచ్చే టైమయ్యా ఇది!"

టైలరు కన్ను అప్పటికే కుట్టు మీద పడింది. "దారం నాసిరకం సార్. రెండు నిమిషాల పని. కాకపోతే సూది మీ స్వాధీనంలో ఉంది."

ప్రయాణికులు ముట్టకూడని ఆ సూదిని ఆఫీసరు స్వయంగా తెచ్చి, రెండు చేతులతో అందించాడు. పక్కనున్న తనిఖీ తెర వెనక టైలరు మోకాళ్ల మీద కూచుని కుట్టాడు. పిల్లలు చెరో పక్క తెర పట్టుకుని కాపలా కాశారు. దారం తెంపడానికి కత్తెర కూడా వచ్చింది. కుట్టు ముగియగానే సూదీ కత్తెరా రెండూ ప్రమాదకర వస్తువులైపోయి డబ్బాలోకి పోయాయి.

"ఇంకా నిలబడ్డావేంటయ్యా? పరిగెత్తు!" అన్నాడు ఆఫీసరు.

గేటు మూస్తుండగా అందుకున్నారు. విమానం దిగాక అవతలి ఊళ్లో అమ్మ చిన్నదాన్ని ఎత్తుకుంటే, అది అమ్మ చేతిసంచిలో చెయ్యి పెట్టి వెతకడం మొదలుపెట్టింది.

అయ్యా, ఇప్పుడు చెయ్యాల్సింది వినండి. పిల్లలున్నవాళ్లకి వేరే వరుస పెట్టండి. ఆ కత్తెర అతని కూడు, తిరిగి పంపండి. సూది మీరే ఉంచుకోండి, మీ ప్యాంట్లకి అవసరం.