డిలియా అత్త విమాన ప్రయాణం

షానన్ నది చర్చి మెట్లెక్కి ఫాదర్ గారి చెప్పులు ఎత్తుకుపోయిన ఏడాది, ఫింటన్ గెరాటీ పైలట్ అయ్యాడు. క్లూనవార ఊళ్ళో అంతకు ముందు పైలట్ అయినవాడు లేడు. ఊరంతా సంతోషించింది. ఆ సంతోషంలో అతనికి ఒక ట్రాక్టరు అప్పగించింది.

ట్రాక్టరు ఎందుకంటే, ఊరికీ పెద్ద రోడ్డుకీ మధ్య నడుం లోతు నీళ్ళు నిలిచాయి. కౌంటీ కార్యాలయం వాటిని వరదగా గుర్తించలేదు. గుర్తిస్తే తోడించాలి. అందుకని "తాత్కాలికంగా తేమగా ఉన్న రహదారి" అని ఒక బోర్డు పాతి వెళ్ళారు. రెండు రోజులకు బోర్డు కూడా మునిగింది. బడి పిల్లల్నీ, ఆదివారం ప్రార్థనకు పోయే ముసలమ్మల్నీ ట్రాలీలో కూర్చోబెట్టుకుని ఫింటన్ అటూ ఇటూ తిప్పేవాడు. అందరూ అతన్ని కెప్టెన్ అని పిలిచేవారు. సగం మంది వెటకారానికి కాదు.

పిల్లవాడి తెలివికి తక్కువేమీ లేదు. చిన్న విమానం మీద రెండు వందల గంటలు ఎగిరి, పరీక్షలన్నీ మొదటిసారే గట్టెక్కాడు. దేశంలో పైలట్ల కొరత తీవ్రంగా ఉందని పత్రికలు రాస్తూనే ఉన్నాయి. అట్లాంటిక్ పెర్ల్ అనే విమాన సంస్థ కూడా ఆ కొరతతో అల్లాడుతోంది. ఫింటన్ ఫోన్ చేశాడు. ఒకామె ఎంతో మర్యాదగా మాట్లాడింది.

"పెద్ద విమానం మీద అయిదు వందల గంటలు ఉండాలి బాబూ."

"రెండు వందలున్నాయండీ. చిన్న దాని మీద."

"అవి లెక్కలోకి రావు."

"మరి పెద్దది ఎక్కడ నడపాలండీ?"

"ఏదైనా విమాన సంస్థలో చేరి."

"మీది విమాన సంస్థే కదండీ?"

"అయ్యో, అందులో సందేహమేముంది? అయిదు వందలు పూర్తికాగానే వచ్చెయ్, కళ్ళకద్దుకుని తీసుకుంటాం."

ఇందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. ఈత వచ్చాకే నీళ్ళలో దిగమని మన పెద్దలూ చెబుతారు.

మరో సంస్థ అతన్ని ఒక యంత్రంతో మాట్లాడించింది. నీ లోపం ఏమిటని యంత్రం అడిగింది. క్యాబేజీ సయించదన్నాడు. యంత్రం కృతజ్ఞతలు చెప్పి తలుపు మూసింది. ఇంకో సంస్థ ఎనిమిది మంది పైలట్లను బల్ల చుట్టూ కూర్చోబెట్టి కాగితాలతో గోపురం కట్టమంది. కట్టారు. మరుసటి వారం ఆ సంస్థ కూలిపోయింది. గోపురం మాత్రం ఇంకా నిలిచే ఉందట.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గాని, ఫింటన్‌కి నవ్వు వచ్చేది కాదు. మబ్బులో బయటికి చూడకుండా, ముందున్న మీటర్ల ముళ్ళు చూసి విమానం నడిపే అర్హతకి ఏడాదే ఆయుష్షు. అతనిది మార్చి ఆఖరుకి చచ్చిపోతుంది. బతికున్న అర్హతనే పట్టించుకోని వాళ్ళు చచ్చినదాన్ని పలకరిస్తారా? అప్పుడిక జీవితమంతా ట్రాక్టరే. ఈ మాట అతను ఎవరితోనూ అనలేదు. తల్లి కన్సెప్టాకి మాత్రం తెలుసు. ఆమె కౌన్సిలర్ మలకీ టాన్సీ గారింటికి వెళ్ళింది.

టాన్సీ గారి సేవల గురించి ఎంత చెప్పినా తక్కువే. వర్షం వెలిస్తే ఆయనే ఒక మాట చెప్పి ఉంటాడు. గొర్రె రెండు పిల్లల్ని ఈనితే, ఒకటి ఆయన చలవే. ముఖ్యంగా ఆయన హాజరు కాని చావు ఆ కౌంటీలో లేదు. కొన్నిటికి రోగి ఇంకా తేల్చుకోకముందే వచ్చి కూర్చునేవాడు.

"కంగారు పడకమ్మా కన్సెప్టా. మన డిలియా ట్యూహీ ఉందే, ఆవిడ మేనల్లుడు లోర్కన్ ఆ అట్లాంటిక్ పెర్ల్‌లో పెద్ద కెప్టెన్. పైలట్లని తీసుకునేది ఆయనే."

"డిలియా మంచం పట్టింది కదండీ?"

"అదే చెబుతున్నా. దేవుడు మన పక్షాన ఉన్నాడు."

దేవుడు జాప్యం చేయలేదు. తొంభై ఏళ్ళు దాటిన డిలియా అత్త మార్చి మూడో వారంలో కన్ను మూసింది. పెళ్ళి చేసుకోలేదు, ఊరు దాటలేదు. మేనల్లుడి ఉద్యోగం పుణ్యమా అని ఆ సంస్థ విమానాల్లో డబ్బు కట్టకుండా తిరిగే హక్కు ఆమెకుండేది. ఆ హక్కు కార్డుని టీ కెటిల్ కింద పెట్టుకునేది, బల్ల కాలకుండా.

ఆ ఊళ్ళో ఆచారం ఏమిటంటే, చనిపోయినవారు తెలిసినా తెలియకపోయినా వెళ్ళి వరసలో నిలబడాలి. దగ్గరి బంధువు చెయ్యి పట్టుకుని "మీ కష్టానికి చింతిస్తున్నాను" అనాలి. తర్వాత హోటల్లో సూపు తాగాలి. ఈ మూడూ చేసినవాణ్ణి ఎవరూ మరిచిపోరు. కన్సెప్టా కొడుకుని నల్ల కోటుతో తయారు చేసింది.

"ఒరేయ్, చెయ్యి గట్టిగా పట్టుకో. నీ పేరు రెండుసార్లు చెప్పు. పైలట్‌నని ఒకసారి చాలు, మరీ ఆత్రం అనుకుంటాడు."

"శవం ముందు ఏం చెప్పమంటావే అమ్మా!"

"శవానికి కాదురా, మేనల్లుడికి చెప్పమంటున్నా. నువ్వు పరీక్షలు ఎలా ప్యాసయ్యావో నాకు తెలీదు!"

డిలియా అత్తకి జరిగినంత ఘనమైన అంత్యక్రియలు క్లూనవారలో అంతకు ముందెన్నడూ జరగలేదు. నలభై మందికి తక్కువ కాకుండా యువతీ యువకులు నాలుగు దిక్కుల నుంచీ వచ్చారు. అందరివీ నల్ల కోట్లే, అందరి జుట్టూ నున్నగా దువ్వే ఉంది. అందరికీ రెండు వందల గంటలే. ప్రతి కౌంటీలోనూ ఒక టాన్సీ ఉంటాడు మరి. వరసలో నిలబడి ఒక్కొక్కరే కెప్టెన్ గారి చెయ్యి పట్టుకుని ఏడ్చారు. మా అత్త ఇంతమందికి ఎప్పుడు పరిచయమైందా అని ఆయన ఆశ్చర్యపోయాడు.

ఆ వరసలో లేనివాడు ఫింటన్ ఒక్కడే. వీళ్ళందరినీ నీళ్ళు దాటించడానికి ట్రాక్టరు తోలేవాడు కావాలి కదా. అతను ఆఖరి ట్రాలీ దించేసరికి చేతులు కలపడం అయిపోయింది.

"మునిగింది నా కొంప!" అంది కన్సెప్టా. "నీ పోటీదార్లని నువ్వే మోసుకొచ్చావు గదరా!"

సరిగ్గా అప్పుడే శవాల బండి నీళ్ళలో దిగి, దగ్గి, ఆగిపోయింది. శ్మశానం అవతల గట్టు మీద ఉంది. చేసేది లేక శవపేటికని ట్రాలీలోకి ఎక్కించారు. చుట్టూ ఫాదర్ గారూ, ముసలమ్మలూ కూర్చున్నారు. కెప్టెన్ లోర్కన్ ట్యూహీ గారు ఫింటన్ పక్కన మడ్‌గార్డు మీద కూర్చున్నాడు.

ఫింటన్‌కి ఒక అలవాటుంది. ట్రాక్టరైనా సరే, బయలుదేరే ముందు నేర్పిన పద్ధతిలో ఒక్కొక్కటీ పైకి చదువుకోవాలి. ఒకరు అడగడం, ఇంకొకరు చూసి జవాబు చెప్పడం. ఇంకొకరు లేరు గనక రెండూ తనే చెప్పుకునేవాడు. ఆ రోజు "బ్రేకులు?" అన్నాడో లేదో, పక్కనుంచి జవాబు వచ్చింది.

"చూశాను."

ముప్పై ఏళ్ళ అలవాటు. కెప్టెన్ గారి నోరు దానంతటదే తెరుచుకుంది.

వెనక ముసలమ్మలకి ఇంజను హోరులో మాటలు అందలేదు. ఒకడు పాడినట్టు అడగడం, ఒకడు గంభీరంగా బదులివ్వడం మాత్రం తెలిసింది. పేటిక పక్కన అది పునీతుల్ని పేరుపేరునా వేడుకునే జపం కాక మరేమవుతుంది? జపమాలలు తీశారు.

"ఇంధనం?"

"చాలినంత."

"మా కొరకు ప్రార్థించండి!" అన్నారు వెనక అందరూ.

"గాలి?"

"ఎడమ నుంచి."

"మా కొరకు ప్రార్థించండి!"

"పేటిక తాళ్ళు?"

"బిగించి ఉన్నాయి."

"మా కొరకు ప్రార్థించండి!"

ఫాదర్ గారు కూడా కళ్ళు మూసుకుని తల ఊపాడు. ట్రాక్టరు నీళ్ళలో దిగింది. నడిమధ్యలో గోతి ఉందని ఫింటన్‌కి తెలుసు, పక్కకి తిప్పాడు. డిలియా అత్త కుదుపు లేకుండా అవతల గట్టు చేరింది.

"ఎన్ని గంటలు?" అన్నాడు కెప్టెన్ గారు, ముందుకే చూస్తూ.

"రెండు వందలండీ."

"ఊఁ," అన్నాడాయన. అంతే.

హోటల్లో సూపు తర్వాత కెప్టెన్ గారు లేచి గ్లాసు మీద చెంచాతో కొట్టాడు. నలభై నల్ల కోట్లు ఒక్కసారిగా అటు తిరిగాయి.

"మిత్రులారా! మా సంస్థకి నియమమే ప్రాణం. అనుభవం లేనివాణ్ణి తీసుకోవడం ఈ ఒంట్లో ఊపిరి ఉండగా జరగదు. కానీ దివంగతురాలు మా సంస్థలో హక్కున్న ప్రయాణికురాలు. ఆ హక్కు చావుతో పోతుందని ఏ నియమంలోనూ లేదు. ఆమె జీవితంలో చేసిన ఒకే ఒక్క ప్రయాణం ఇవాళ జరిగింది. కనుక ట్రాక్టరు తోలిన ఈ కుర్రాడు మా సంస్థ ప్రయాణికుల్ని క్షేమంగా దించిన అనుభవజ్ఞుడు. సోమవారం వచ్చి చేరతాడు!"

చప్పట్లు మోగాయి. నలభై మందీ కొట్టారు. కొట్టకపోతే బాగుండదు. కన్సెప్టా సూపులో కన్నీళ్ళు కార్చింది. టాన్సీ గారు అందరి భుజాలూ తట్టుతూ "నేనొక మాట చెప్పి ఉంచాను" అన్నాడు. ఎవరికి చెప్పాడో ఎవరూ అడగలేదు. బహుశా డిలియా అత్తకి.

మర్నాడు పొద్దున్నే ఫింటన్ తలుపు తట్టారు. ఈథ్నా డోలన్ అనే అమ్మాయి. నిన్నటి నల్ల కోటే. ఆమె అర్హత కూడా ఈ నెలాఖరుకే పోతుంది.

"నువ్వు సోమవారం వెళ్ళిపోతావు కదా. ఆ ట్రాక్టరు నాకు ఇప్పించు. పదేళ్ళప్పటి నుంచీ మా నాన్న పొలంలో తోలుతున్నా. కెప్టెన్ గారికి ఈ ఊళ్ళోనే బాబాయి ఒకాయన ఉన్నాడట, ఆయనకీ ఒంట్లో బాగోలేదట."

ఫింటన్ ఆమెను కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. ఎంతో ఆప్యాయంగా మాట్లాడాడు.

"చూడమ్మా ఈథ్నా, ఇలా ఒకరి గుమ్మం పట్టుకు తిరగడం మంచిది కాదు. కష్టాన్నీ, ప్రతిభనీ నమ్ముకో. నన్ను చూడు. నేనెవరి దగ్గరికైనా వెళ్ళానా?"

అబద్ధం చెప్పాలని అతనికి లేదు. మంచి ఉద్యోగంలో ఉన్నవాళ్ళలో ఇది చెప్పనివాణ్ణి మీరెక్కడైనా చూస్తే చెప్పండి.

ఆమెను గుమ్మం దాకా సాగనంపి, కోటు వేసుకుని, పెరట్లోకి వెళ్ళి ట్రాక్టరు తాళం టాన్సీ గారి మేనల్లుడి చేతిలో పెట్టాడు. ఏది బ్రేకో, ఏది గేరో ఓపిగ్గా చూపించాడు.