ఎవరూ కూర్చోకూడని కుర్చీ

చచ్చిపోయిన నాన్నగారి కుర్చీ మాయమైంది.

చీటీల మేడమ్ సెట్‌లో భోజనాల బల్ల చుట్టూ రెండుసార్లు వెతికింది. ఒక షాట్‌లో ఉన్న వస్తువు తర్వాతి షాట్‌లోనూ అక్కడే ఉండేలా చూడటం ఆమె ఉద్యోగం. కనబడ్డ ప్రతిదానికీ చీటీ అంటిస్తుంది కనుక యూనిట్ అంతా ఆమెను అలాగే పిలుస్తుంది. కిందటి వారం బల్లమీది గడియారం రాత్రికి రాత్రి కుడి నుంచి ఎడమకు నడిచినందుకు, ఇంకొక్క తప్పు దొర్లితే ఇంటికేనని దర్శకుడు తేల్చి చెప్పాడు.

నిజానికి ఆ ఉదయం పని చాలా చిన్నది. తండ్రి పోయిన ఇంట్లో అమ్మ, కొడుకు, కూతురు భోజనాల బల్ల దగ్గర ఒక నిమిషం మౌనంగా కూర్చుంటారు. కొడుకు ఖాళీ కుర్చీమీద చెయ్యి వేసి, కళ్ళు తుడుచుకుంటాడు. అంతే. కిటికీలోంచి ఎండ తొమ్మిదిన్నర వరకే పడుతుంది. గోడమీది ఫోటో మళ్ళీ తీయాలని, నాన్నగారి వేషం వేసిన పెద్దాయన్ను కూడా పెందలాడే రప్పించారు. "ఎక్కడో ఒకచోట కూర్చోండి బాబాయ్‌గారూ, పిలుస్తాను" అని చెప్పి, ఆమె ఆ సంగతే మరిచిపోయింది.

"అన్నా, కుర్చీ ఏది?" అని ఆర్ట్ అసిస్టెంట్‌ను నిలదీసింది.

"నన్నడుగుతావేం? నువ్వు అంటించిన చీటీనే అడుగు."

"నీకు దణ్ణం పెడతా. నా ఉద్యోగం పోతుంది."

అతను కరిగాడు. మేకప్ గదిలో అచ్చం అలాంటి కుర్చీయే ఉంది, కాకపోతే తెల్లది. దానిలో కూర్చున్న అమ్మ వేషధారిణిని లేపి ఒక పెట్టెమీద కూర్చోబెట్టారు. అది కెమెరామన్ లెన్సుల పెట్టె. అతని కేకలు దర్శకుడి చెవిన పడకూడదని చీటీల మేడమ్ జనరేటర్ ఆన్ చేయించింది. మౌనం రికార్డు చేసే రోజున జనరేటరా అని సౌండ్ ఇంజనీరు అలిగి గేటు దాకా వెళ్ళిపోయాడు. అతన్ని బతిమాలి తెచ్చేసరికి ఎండ కిటికీ అంచుకు చేరింది. కుర్చీకి గోధుమరంగు రెండు పూతలు పడ్డాయి గానీ, ఆరడానికి వ్యవధి దొరకలేదు.

"యాక్షన్" అన్నాడు దర్శకుడు.

కొడుకు కుర్చీమీద చెయ్యి వేశాడు. కళ్ళు తుడుచుకున్నాడు. గోధుమరంగు చార ఒకటి ముక్కు దగ్గర బయల్దేరి చెవిదాకా పాకింది. ఆ సంగతి తెలియక అతను మరింత దుఃఖంగా చూశాడు. కూతురు పెదవి కొరుక్కుంది. అమ్మ చేతిరుమాలు నోట్లో కుక్కుకుంది. లాభం లేకపోయింది. ముగ్గురూ బల్లమీద వాలిపోయి, పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ అమ్మకు నిజంగానే ఏడుపొచ్చింది. కూతురు ఆమెను దగ్గరకు తీసుకుంది.

"కట్."

చీటీల మేడమ్ తన సంచీ సర్దుకోసాగింది.

"పన్నెండు రోజుల్నించి ఒక ఇంటివాళ్ళలా కూర్చోండిరా అని మొత్తుకుంటున్నా," అన్నాడు దర్శకుడు మెల్లగా. "ఇవాళ కూర్చున్నారు. ఇదే ఉంచుతున్నా. ఆ రంగు ఎవరి ఆలోచన?"

అందరి చూపులూ ఆమెవైపు తిరిగాయి. సంచీ మెల్లగా కిందికి దిగింది.

అంతలో పెరటి తలుపు తెరుచుకుంది. నవ్వులకు నిద్ర చెడిన పెద్దాయన, అసలు కుర్చీని మోసుకుంటూ వచ్చాడు.

"తీసింది మీరా బాబాయ్‌గారూ? అంత పెద్ద చీటీ కనబళ్ళేదా?"

"కనబడబట్టే తీశానమ్మా. 'నాన్నగారి కుర్చీ, ఇంకెవరూ కూర్చోకూడదు' అని రాశావు. పోయినవాడికి కుర్చీ ఎందుకనుకున్నారో ఏమో, మొదటిసారి ఫోటోకి వచ్చినప్పుడు రోజంతా నిలబెట్టారు. ఈసారి నువ్వైనా గుర్తుపెట్టుకుని, చీటీ రాసి మరీ వేయించావు కదా అని ఎండలో వేసుకుని హాయిగా నిద్రపోయాను."